కాలికి రిబ్బను కట్టి అడిగిన ప్రశ్న

తొట్టిమంచానికి అటొకటి ఇటొకటి బిగించిన రెండు కడ్డీలు. వాటిలో ఒకదానికి వేలాడే రంగురంగుల చెక్కబొమ్మల గుత్తి. పాప చీలమండకి వదులుగా కట్టిన మెత్తటి రిబ్బను. కాస్త ఎడంగా, పాప కంటికి ఆనకుండా కాగితమూ గడియారమూ పట్టుకుని నిలబడ్డ మనిషి. సామాను ఇంతే. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త కెరొలిన్ రోవీ-కాలియర్ ఈ సామానుతోనే నోట మాట రాని పసికందుల్ని నీకిది గుర్తుందా అని అడిగారు. జవాబులు కూడా రాబట్టారు. ఆ జవాబులు చాలా పుస్తకాల్లోకి ఎక్కాయి. ప్రశ్నని ఆవిడ చెక్కిన తీరు గురించి మాత్రం ఎవరూ తీరిగ్గా చెప్పగా నేను తెలుగులో చదవలేదు.

మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటని ఎవరిని కదిపినా ఏదో ఒకటి చెబుతారు. తమ్ముడు పుట్టిన రోజు ఇంటినిండా చుట్టాలు, తిరునాళ్లలో తప్పిపోయి ఏడవడం, కాలవలో పడబోతే ఎవరో జుట్టు పట్టుకుని లాగడం. అది ఏ వయసునాటిదో లెక్క వేసుకుంటే ఎక్కువమందికి మూడు, మూడున్నరేళ్ల దగ్గర తేలుతుంది. ఫ్రాన్సులో విక్టర్ ఆన్రీ, కేథరీన్ ఆన్రీ దంపతులు 19వ శతాబ్దం చివర్లోనే ప్రశ్నపత్రం పంచిపెట్టి, 123 మంది రాసి పంపిన తొలి జ్ఞాపకాలను పోగుచేశారు. ఆనాటి నుంచి ఈ లెక్క పెద్దగా మారలేదు. ఫ్రాయిడ్ దీనికి శైశవ విస్మృతి అని పేరు పెట్టి, మనసు ఆ తొలి ఏళ్లని అణచిపెడుతుందని కారణం చెప్పాడు.

ప్రశ్నపత్రాలతో వచ్చిన చిక్కేమిటంటే, పెద్దవాళ్లని అడిగితే ఈవేళ వాళ్ల దగ్గర ఏం మిగిలిందో తెలుస్తుంది. ఆనాడు ఏం ఉండేదో తెలియదు. మిగిలినదాంట్లో కూడా అమ్మ పదిసార్లు చెప్పినది ఎంతో, ఆల్బంలో ఫొటో చూసి అల్లుకున్నది ఎంతో విడదీయలేం. ఉయ్యాల్లోని బిడ్డనే అడగాలి. ఆ బిడ్డకి మాట రాదు, వేలితో చూపించడం రాదు, బోర్లా పడటం కూడా రాదు. చేతనైన పని ఒక్కటే, కాళ్లు తన్నుకోవడం.

రోవీ-కాలియర్ ఆ కాళ్లనే పట్టుకున్నారు. కథ 1960లలో వాళ్లింట్లోనే మొదలైంది. పసికొడుకు ఊరికే ఏడ్చేవాడు. తలపైన బొమ్మల గుత్తి కదులుతూ ఉంటే ఊరుకునేవాడు, ఆగితే మళ్లీ మొదలు. ఆవిడకి చేసుకోవలసిన పని ఉంది. గుత్తిని ఊపుతూ కూర్చునే తీరిక లేక, వాడి కాలికీ గుత్తికీ కలిపి ఒక గుడ్డముక్క కట్టారు. తన్నితే బొమ్మలు ఆడతాయి, తన పని తనే చూసుకుంటాడు.

ఇలాంటి ఉపాయం ఏ తల్లికీ కొత్త కాదు. మన ఇళ్లలో చీర ఉయ్యాల్లో వేసిన బిడ్డ కాళ్లు ఆడిస్తే ఉయ్యాలే ఊగుతుంది, మీద కట్టిన చిలకలూ ఊగుతాయి. (ఆ లెక్కన ఈ ప్రయోగం మన ఉయ్యాల్లో జరపడం కష్టం. కాలికీ ఆటకీ లంకె లేనప్పుడు బిడ్డ ఎంత తన్నేదో కొలిచే వీలే ఉండదు.) పిల్లాడు ఊరుకున్నాడు, చాలు అనుకుని ఏ తల్లయినా వదిలేసేది. ఆవిడ మాత్రం కాసేపు నిలబడి చూశారు. కొడుకు తన్నడం హెచ్చింది. బొమ్మలు ఆగితే తంతున్నాడు, ఆడుతుంటే చూస్తున్నాడు. తన కాలికీ ఆ ఆటకీ సంబంధం ఉందని రెండు మూడు నెలల బిడ్డ పట్టేశాడన్నమాట. అంత పసివాళ్లు అలా నేర్చుకోగలరంటే అప్పట్లో తేలిగ్గా ఒప్పుకునేవారు కాదు. భర్త డేవిడ్ రోవీతో కలిసి దీన్ని ప్రయోగంగా మలిచి 1969లో ప్రచురించారు.

ఇక్కణ్ణుంచే అసలు పనితనం.

మొదటి మూడు నిమిషాలు రిబ్బను కాలికి కట్టే ఉంటుంది, కాని రెండో కొస ఖాళీ కడ్డీకి ఉంటుంది. బొమ్మల గుత్తి ఎదురుగానే ఉన్నా ఎంత తన్నినా కదలదు. ఈ మూడు నిమిషాల్లో పాప ఎన్నిసార్లు తన్నిందో లెక్క రాసుకుంటారు. ఖాళీ కడ్డీకి కట్టడం ఎందుకు, రిబ్బను విప్పేస్తే పోలేదా అనిపిస్తుంది. కాలికి ఏదో తగులుతోందన్న చికాకుతోనే పాప ఎక్కువ తన్నవచ్చు. కొత్త బొమ్మలు కనబడ్డ సంబరంతోనూ తన్నవచ్చు. రిబ్బనూ ఉంది, బొమ్మలూ ఉన్నాయి, రెంటి మధ్యా లంకె ఒక్కటే లేదు. కాబట్టి ఆ చికాకూ ఆ సంబరమూ మొదటి లెక్కలోనే పడిపోతాయి. ఆపైన పెరిగేదేదైనా లంకె వల్ల పెరిగిందే.

తర్వాతి తొమ్మిది నిమిషాలు రిబ్బను కొసని గుత్తి ఉన్న కడ్డీకి మారుస్తారు. మూడు నెలల పాప నాలుగైదు నిమిషాల్లో సంగతి కనిపెట్టి, మొదట తన్నినదానికి రెట్టింపు, ఒక్కోసారి మూడు రెట్లు తంతుంది. ఇందులో నాకు బాగా నచ్చింది బహుమతి స్వభావం. ప్రయోగశాలలో ఎలుక మీట నొక్కితే ఒక గింజ పడుతుంది, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా అదే గింజ. ఇక్కడ అలా కాదు. మెల్లగా తంతే బొమ్మలు మెల్లగా వణుకుతాయి, గట్టిగా తంతే ఒకదాన్నొకటి ఢీకొంటూ గలగలలాడతాయి. బహుమతి ఎంతో తేల్చేది పాప కాలే. పాలు బహుమతిగా ఇస్తే కడుపు నిండి నిద్రపోతుంది, ప్రయోగం అక్కడితో సరి. ఈ ఆటతో కడుపు నిండటమంటూ ఉండదు.

అయినా అనుమానం తీరదు. బొమ్మలు ఆడుతుంటే చూసి ఉత్సాహంతో తన్నుతోందేమో, నేర్చుకున్నదేమీ లేదేమో. దానికి మరో జట్టు పిల్లలు. వాళ్ల ఎదుట కూడా బొమ్మలు ఆడతాయి, ఆడించేది మాత్రం పరిశోధకుడి చెయ్యి, పాప కాలితో నిమిత్తం లేదు. ఆ పిల్లల తన్నులు పెరగలేదు. ఉత్సాహం వాదన అక్కడితో పోయింది.

చివరి మూడు నిమిషాలు రిబ్బను మళ్లీ ఖాళీ కడ్డీకి. నేర్చుకున్న పాప ఇంకా జోరుగానే తంతూ ఉంటుంది. మర్నాడు ఇంకో పావుగంట ఇదే వరస. ఆ తర్వాత ఒక రోజో, వారమో, రెండు వారాలో గడిచాక అసలు పరీక్ష. ఆ రోజు కూడా మొదట రిబ్బను ఖాళీ కడ్డీకే కడతారు. ఇదే కీలకం. పరీక్షలో బొమ్మలు కదిలితే పాప అప్పటికప్పుడు మళ్లీ నేర్చేసుకుంటుంది, అది పాత గుర్తో కొత్త పాఠమో ఎవరూ చెప్పలేరు. కదలని బొమ్మల్ని చూసి కూడా తన్నిందంటే, కదులుతాయని ఆశపడి తన్నినట్టే. ఆ ఆశకి వేరే ఆధారం లేదు, నేర్చుకున్న ఆ రోజులు తప్ప.

కొందరు పిల్లలు పుట్టుకతోనే కాళ్లాడించే రకం, కొందరు బద్ధకం. అందుకని ఒకరిని ఇంకొకరితో పోల్చరు. ఎవరి మొదటి మూడు నిమిషాలతో వాళ్లకే పోలిక. పరీక్షలో తన్నని పాపకి నిజంగానే గుర్తు లేదా, లేక ఆ పూట నలతగా ఉందా? అది తేల్చడానికి చివర్లో రిబ్బను మళ్లీ గుత్తికి కట్టి చూసేవారు. అప్పుడు హుషారుగా తంతే ఒంట్లో బాగానే ఉన్నట్టు లెక్క. ఇదంతా జరిగింది ప్రయోగశాలలో కాదు, ఆ పిల్లల ఇళ్లలో, వాళ్ల తొట్టిమంచాల్లోనే. పాప తెలివిగా ఆడుకునే వేళ ఎప్పుడో తల్లిని అడిగి ఆ వేళకే వెళ్లేవారు.

ఈ గొలుసులో ఒక్క లంకె తీసేసినా తక్కినదంతా ఊడిపోతుంది. మెచ్చుకోవలసింది తెలివి ఒక్కటే అనుకోను. ఓపిక కూడా. మూడేసి నిమిషాల చొప్పున, ఇల్లిల్లూ తిరిగి, పసికాళ్ల తన్నులు లెక్కపెట్టడం మాటలు కాదు.

వచ్చిన జవాబులు క్లుప్తంగా: రెండు నెలల బిడ్డకి ఒకటి రెండు రోజులు గుర్తుంటుంది. మూడు నెలల బిడ్డకి వారం దాకా. ఆరు నెలలకి రెండు వారాలు. మర్చిపోవడమూ ఉంది, ఆ మర్చిపోవడానికి ఒక క్రమమూ ఉంది.

ఇంకొంచెం లోపలికి పోతే చిత్రాలు కనిపిస్తాయి. ఐదు బొమ్మల గుత్తిలో ఒకటి మార్చితే మర్నాడు మూడు నెలల పాప పట్టించుకోదు. అంతకన్నా ఎక్కువ మార్చితే తన్నదు, ఇది ఆ గుత్తి కాదన్నట్టు చూస్తుంది. నాలుగు రోజులు ఆగి అదే కొత్త గుత్తి చూపిస్తే మాత్రం తంతుంది. ఈలోగా వివరాలు చెరిగిపోయి, తంతే ఆడేదేదో ఒకటి ఉంటుందన్నంత వరకే మిగిలింది. మర్చిపోవడాన్ని ఇంత నాజూగ్గా, పొర పొరగా చూపించిన ప్రయోగాలు పెద్దవాళ్ల మీద కూడా తక్కువే.

ఆరు నెలల పిల్లల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. తొట్టిమంచం చుట్టూ కట్టే గుడ్డ తెరని నేర్పేటప్పుడు ఒక రంగుది, పరీక్షకి వేరే రంగుది వాడారు. గుత్తి అదే, రిబ్బను అదే, గడిచింది ఒక్క రోజే. అయినా పాప తన్నలేదు. చుట్టూ ఉన్న గుడ్డ మారితే దాంతోపాటు గుర్తు కూడా అందకుండా పోయింది. ఇది చదివినప్పుడు నాకు మన పురుళ్ల ఆనవాయితీ తట్టింది. బిడ్డ అమ్మమ్మగారింట్లో పుడుతుంది, మూడో నెలో ఐదో నెలో వచ్చాక తల్లితో నాన్నగారింటికి చేరుతుంది. దూలం, ఫాను, గోడ రంగు, పక్క, పలకరించే గొంతులు అన్నీ ఒక్క రోజులో మారిపోతాయి. అమ్మమ్మ దగ్గర నేర్చిన చిన్న చిన్న విద్యల్లో ఎన్ని ఆ గుమ్మం దాటగలవో. రోవీ-కాలియర్ ప్రయోగం ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు, నా ఊహ దానికి అంటగట్టడం న్యాయం కాదు. అడగాలని మాత్రం అనిపిస్తుంది.

ఆవిడ పనంతటిలో ఒక్కటే ఎంచుకోమంటే 1980లో సైన్స్ పత్రికలో వచ్చిన దాన్ని ఎంచుకుంటాను. మూడు నెలల బిడ్డ రెండు వారాలకి ఆట మర్చిపోతుందని అప్పటికి తెలుసు. అయితే మర్చిపోవడమంటే ఏమిటి? ఉన్నది పోవడమా, ఉండీ అందకపోవడమా? వేదాంతంలా వినిపించే ఈ ప్రశ్నని ఆవిడా ఆవిడ సహచరులూ మూడు నిమిషాల పనిగా మార్చారు.

నేర్పిన 13వ రోజున పాపని తొట్టిమంచంలోనే ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీలో తన్నడానికి వీలు చిక్కదు. రిబ్బను కొస ఈసారి పాప కాలికి లేదు, తెర చాటున కూర్చున్న పరిశోధకురాలి చేతిలో ఉంది. నేర్పిన చివరి రోజున ఆ పాప ఎంత జోరుగా తన్నిందో చూసుకుని, అదే జోరుతో ఆవిడ గుత్తిని మూడు నిమిషాలు కదిపింది. పాప చూసింది, అంతే. 14వ రోజున మామూలు పరీక్ష, ఖాళీ కడ్డీ. పాప తన్నింది, నిన్నే నేర్చుకున్నంత జోరుగా!

వెంటనే అనుమానం వస్తుంది: ఆ మూడు నిమిషాల్లోనే కొత్తగా నేర్చుకుందేమో. అందుకే పాపని తన్నలేని కుర్చీలో కూర్చోబెట్టారు. తన్నకుండా తన్నితే ఏమవుతుందో నేర్చుకోలేదు కదా. అది చాలదన్నట్టు, ముందెప్పుడూ ఈ ఆట నేర్వని పిల్లలకి కూడా ఇదే మూడు నిమిషాల దృశ్యం చూపించారు. వాళ్లు మర్నాడు తన్నలేదు. అంటే గుర్తు పోలేదు. అడుగున ఉంది, పైకి రావడానికి చిన్న పిలుపు కావాలి. ఆ పిలుపు పనిచేయడానికి వ్యవధి కూడా కావాలని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. గుర్తుచేసిన పావుగంటకి పరీక్షిస్తే ఏమీ లేదు. గంటలు గడిచేకొద్దీ, మర్నాటికి, గుర్తు మెల్లగా తేరుకుంది. ఒకసారి పైకి వచ్చిన గుర్తు మళ్లీ మొదటిసారి మాదిరిగానే, ఇంచుమించు అంతే వ్యవధిలో మరుగునపడింది.

ఆరు నెలలు దాటిన పిల్లలు పాకడం మొదలుపెడతారు, రిబ్బను కట్టించుకుని పడుకోరు. వాళ్ల కోసం మీట నొక్కితే కాసేపు నడిచే బొమ్మ రైలు తయారుచేశారు. కొలబద్ద మారితే కొలత మారదా? అందుకని ఆరు నెలల పిల్లల్ని రెండు పద్ధతుల్లోనూ పరీక్షించారు. రెండింట్లోనూ రెండు వారాలే వచ్చింది. మంచి వడ్రంగి రెండు చెక్కల్ని కూసం పెట్టి కలిపితే అతుకు వేలికి తగలనట్టే, రెండు పరికరాల లెక్కలూ ఆ వయసు దగ్గర కలిసిపోయాయి. అక్కణ్ణుంచి వయసుతోపాటే గీత తిన్నగా పైకి పోయింది. ఏడాది బిడ్డకి సుమారు 8 వారాలు, ఏడాదిన్నరకి 13 వారాలు.

ఇది జ్ఞాపకమేనా అని తల ఎగరేసినవాళ్లు ఉన్నారు. సైకిలు తొక్కడం కాళ్లకి గుర్తున్నట్టు ఇదొక అలవాటే తప్ప, ఫలానా రోజున ఇలా జరిగిందన్న ఎరుక కాదని వాళ్ల వాదన. రోవీ-కాలియర్ దీన్ని గట్టిగా ఖండిస్తూ 1997లో పెద్ద వ్యాసమే రాశారు. నా మటుకు నాకు ఇరుపక్షాలూ కొంత కొంత సరే అనిపిస్తుంది. కాలి అలవాటే అయితే బొమ్మలు మార్చితే ఎందుకు ఆగాలి, చుట్టూ గుడ్డ రంగు మార్చితే ఎందుకు ఆగాలి? అంతవరకు ఆవిడ గెలిచారు. కాని ఆ రోజు అక్కడ ఉన్నది నేనే అన్న ఎరుక పాపకి ఉందో లేదో రిబ్బను చెప్పలేదు. ఆవిడ 2014లో చనిపోయారు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో ఏళ్ల తరబడి బాధపడుతూనే పని చేశారు.

పసిపిల్లకి అంత గుర్తుంటే, పెద్దయ్యాక ఆ ఏళ్లన్నీ ఏమయ్యాయి? దీని మీద చెయ్యి వేసినవారిలో ఒకరు రోవీ-కాలియర్ దగ్గరే డాక్టరేటు చేసిన హార్లీన్ హేన్. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో ఆవిడా గేబ్రియెల్ సిమ్‌కాక్ కలిసి ఒక మాయపెట్టె చేయించారు. మీట లాగితే దీపాలు వెలుగుతాయి. పైన ఒక బొమ్మ వేసి పిడి తిప్పితే సంగీతం వస్తుంది. కింది తలుపు తీస్తే అదే బొమ్మ చిన్నదైపోయి బయటికి వస్తుంది. రెండేళ్లు దాటిన పిల్లలకి దీన్ని మించిన వేడుక ఏముంటుంది? పైగా ఇలాంటి పెట్టె లోకంలో ఇంకెక్కడా లేదు. తర్వాత ఎవరింట్లోనో, టీవీలోనో చూసి గుర్తు తెచ్చుకునే ఆస్కారం లేదు. ఆ వస్తువుని ఎంచుకోవడంలోనే గురువుగారి దగ్గర నేర్చిన పనితనం తెలుస్తుంది.

పిల్లలు 27, 33, 39 నెలల వాళ్లు. ఆట ఆడించిన సమయానికి ఏ పిల్లకి ఏయే మాటలు వచ్చో తల్లిదండ్రుల ద్వారా జాబితా రాయించి పెట్టుకున్నారు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ వెళ్లి, ముందు మాటల్లో చెప్పమన్నారు, తర్వాత ఫొటోల్లో గుర్తుపట్టమన్నారు, చివరికి పెట్టెనే ఎదురుగా పెట్టి చేసి చూపించమన్నారు. మాటల్లో చెప్పగలిగింది తక్కువ. ఫొటోలు పట్టడంలో, చేసి చూపడంలో చాలా నయం. ఈ మధ్య కాలంలో వాళ్లకి బోలెడు మాటలు వచ్చాయి. అయినా ఆటనాటికి తమకి రాని మాటని, ఇప్పుడు వచ్చినా, ఆ సంగతి చెప్పడానికి ఒక్క పిల్ల కూడా వాడలేదు. 2002లో ఈ ఫలితం అచ్చయింది. ముందే జాబితా రాసిపెట్టుకోకపోతే ఈ ఒక్క వాక్యం రాయడం అసాధ్యమయ్యేది.

అదే పెట్టె ఆట ఆడిన ఒక జట్టు పిల్లల్ని, వయసులో కాస్త పెద్దవాళ్లని కూడా కలుపుకుని, ఆరేళ్ల తర్వాత మళ్లీ కలిశారు. ఆ వివరాలు 2012లో వెలువడ్డాయి. మాటల్లో చెప్పగలిగిన పిల్లలు సుమారు ఐదో వంతు. అందులో ఆట రోజుకి మూడేళ్లు నిండనివాళ్లు కూడా ఉన్నారు. ఈసారి పరిశోధకులు తల్లిదండ్రుల్ని కూడా అదే ప్రశ్న అడిగారు. పక్కనుండి చూసిన ఆ పెద్దవాళ్లలో గుర్తున్నది దాదాపు సగం మందికే.